ముసురులో ప్రిజమ్ కార్డులు: నా అనుభవం

జూలైలో ముసురు పట్టిన నాలుగో రోజున ఒక ప్రిజమ్ కార్డును (బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలతో వచ్చే మెరుపు కార్డు) స్లీవ్‌లోంచి, అంటే పలుచని ప్లాస్టిక్ తొడుగులోంచి తీసి, బొమ్మ పైకి ఉండేలా గాజు పలక మీద పెట్టి చూడండి. రెండు అంచులు పైకి లేచి, నడుమ పల్లమై చిన్న దోనెలా కనిపిస్తుంది. అదే కార్డు మే నెలలో బోర్లించిన దోనెలా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు కార్డు పోయిందనే అనుకుంటారు. కంగారులో లావుపాటి పుస్తకాల కింద నొక్కేస్తారు, లేదంటే హెయిర్ డ్రైయర్ పట్టిస్తారు. రెండూ చెడగొట్టే పనులే. హైదరాబాద్‌లో బాస్కెట్‌బాల్ కార్డులు పోగుచేయడమంటే సగం తేమతో వేగడమే. కొనడం, అమ్మడం, గ్రేడింగుకి (కార్డు ఎంత బాగుందో ఒక కంపెనీ చూసి 10 వరకు అంకె వేసే పనికి) పంపడం అంతా ఆ తర్వాతి మాట.

ముందు కార్డు ఎందుకు వంగుతుందో చూద్దాం. ప్రిజమ్, క్రోమ్ లాంటి మెరుపు కార్డుల్లో ముందువైపు లోహపు తళుకున్న పలుచని ఫిల్ము, దాని వెనక అట్ట ఉంటాయి. గాలిలో తేమ పెరిగితే అట్ట నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఫిల్ము మాత్రం కదలదు. వెనకవైపు సాగి ముందువైపు సాగకపోతే కార్డు బొమ్మ వైపుకి ముడుచుకుంటుంది. ఎండకి అట్టలోని నీరు ఆరిపోతే అంతా తిరగబడుతుంది, బొమ్మ వైపు ఉబ్బుతుంది. అట్టలోని పీచు అడ్డంగా ఉబ్బినంతగా పొడవునా ఉబ్బదు. అందుకే వంపు ఎప్పుడూ ఒకే దిశలో వస్తుంది, నాలుగు మూలలూ సమానంగా లేవవు. ఒక మూల ఒక్కటే లేచి ఉంటే అది తేమ పని కాదు, ఎక్కడో నొక్కుకుపోయిందని అర్థం.

పాత కార్డులకి ఈ బాధ తక్కువ. 1986-87 ఫ్లీర్ కంపెనీ సెట్టు తీసుకోండి. 132 కార్డుల సెట్టు, అందులో 57వ నంబరు మైఖేల్ జోర్డాన్ రూకీ (ఆటగాడి తొలినాళ్ల కార్డు). అది రెండువైపులా ముద్రించిన మామూలు అట్ట కాబట్టి పెద్దగా వంగదు, తేమకి మూలలు మెత్తబడతాయి, అంతే. బాస్కెట్‌బాల్‌లో మెరుపు కార్డుల కథ 1993-94లో టాప్స్ కంపెనీ తెచ్చిన ఫైనెస్ట్ రిఫ్రాక్టర్లతో (వెలుతురులో రంగులు పారే కార్డులు) మొదలైంది. 1996-97లో టాప్స్ క్రోమ్ వచ్చింది, కోబీ బ్రయంట్ రూకీ అందులో 138వ నంబరు. 2012-13లో పానిని ప్రిజమ్ వచ్చాక ఈ హాబీలో ఎక్కువ డబ్బు తిరిగేది మెరుపు కార్డుల చుట్టూనే. (పాణిని వ్యాకరణానికీ ఈ ఇటలీ కంపెనీ పానినికీ ఏ సంబంధమూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు అడిగితే చెప్పడానికి పనికొస్తుంది.) 2009-10 సీజన్ నుంచి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) లైసెన్సు పానినిదే. 2025-26తో అది మళ్లీ టాప్స్‌కి వెళ్లింది. కంపెనీ మారినా మెరుపు మారదు కాబట్టి వంపూ మారదు.

ఇక మన ఊరి గాలి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో మధ్యాహ్నం గదిలో పెట్టిన మీటరు 25, 30 శాతం తేమ చూపిస్తుంది. ఆగస్టులో నాలుగు రోజులు ఎడతెగకుండా కురిస్తే 80 దాటుతుంది. కార్డుకి హాయిగా ఉండేది 45, 50 మధ్య. ఏడాదిలో గాలి తనంతట తాను అక్కడ నిలిచే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చలికాలంలో పగలు కొంతవరకు దగ్గరగా ఉంటుంది. అంకె ఎక్కువా తక్కువా అన్నదానికన్నా ఊగిసలాటే కార్డుకి ఎక్కువ చేటు. రోజూ 30 నుంచి 65కి, 65 నుంచి 30కి తిరుగుతుంటే అట్టకీ ఫిల్ముకీ మధ్య అతుకు అలసిపోతుంది, అంచుల్లో తెల్లటి పొక్కులు మొదలవుతాయి.

ఆ ఊగిసలాటకి మన ఇళ్లలో పెద్ద కారణం కూలర్. గడ్డిలోంచి నీళ్లు కారుతూ గాలి తోలే కూలర్ వేస్తే 28 శాతం తేమ ఉన్న గది గంటలో 65కి వెళ్తుంది. బయట ఎండ మండుతోంది కదా, తేమ ఎక్కడిది అనుకుంటాం. తేమ కూలర్‌లోంచే వస్తుంది. కార్డులున్న గదిలో కూలర్ పెట్టకూడదు. వేరే దారి లేకపోతే కార్డులనే ఇంకో గదికి మార్చాలి. ఏసీది వేరే పేచీ. నడిచినంతసేపు గాలిని ఆరబెడుతుంది, ఆపగానే బయటి తేమ లోపలికొస్తుంది. వానాకాలం సాయంత్రం బయట 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉంటే డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిచుక్కలుగా మారే ఉష్ణోగ్రత) దాదాపు 24 డిగ్రీలు. 21లో పెట్టిన ఏసీ గదిలోంచి కార్డును నేరుగా వరండాలోకి తెస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టే దానికీ చెమ్మ పడుతుంది. ఫొటో తీయడానికి బయట వెలుతురు బాగుంటుందని తెచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కార్డులు దాచిన డబ్బా మూత తీయకుండా బయటికి తెచ్చి, ఓ గంట ఆగి తీస్తే ఏ ఇబ్బందీ లేదు.

మొదట కొనాల్సింది తేమ మీటరు. చిన్న డిజిటల్‌ది కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది, కానీ అది చూపే అంకెని నమ్మేముందు ఉప్పు పరీక్ష పెట్టాలి. సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంతవరకే చుక్కలు చుక్కలుగా నీళ్లు పోయాలి. ఉప్పు పూర్తిగా కరిగితే పరీక్ష చెల్లదు. ఆ మూతనీ మీటరునీ గాలి చొరని జిప్ కవరులో పెట్టి రాత్రంతా వదిలేయాలి. తడి ఉప్పు మీది గాలిలో తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. పొద్దున మీటరు 70 చూపిస్తే అది 5 తక్కువ చెబుతోందన్నమాట. ఆ అంకెని మీటరు వెనక స్టిక్కరు మీద రాసిపెడతాను. ఒకే కంపెనీవి రెండు మీటర్లు పక్కపక్కన పెడితే ఆరేడు శాతం తేడా చూపించడం మామూలే. పరీక్ష పెట్టని మీటరును నమ్మి, తేమ పీల్చే సిలికా జెల్ కుమ్మరిస్తే కార్డులు అతిగా ఆరిపోతాయి.

కార్డులు దాచే డబ్బాకి బేగంబజార్ ప్లాస్టిక్ సామాను కొట్లు చాలు. మూత చుట్టూ రబ్బరు ఉండి, నాలుగు వైపులా క్లిప్పులతో బిగుసుకునే 12 లీటర్ల డబ్బా తీసుకోండి. కొనేముందు లోపల ఓ కాగితం ముక్క అంచు బయటికి ఉండేలా పెట్టి మూత బిగించి లాగండి. కాగితం జారి వచ్చేస్తే గాలీ దూరుతుంది, ఇంకో డబ్బా అడగండి. బియ్యం పోసుకునే డబ్బాలు చూడటానికి ఇలాగే ఉంటాయి గానీ చాలావాటికి రబ్బరు ఉండదు.

సిలికా జెల్ ఎంత వేయాలన్న దగ్గర అందరూ పొరపడతారు. డబ్బాలో గాలి ఉంది, ఆ గాలిని ఆరబెట్టాలి అనుకుంటారు. లెక్క వేసి చూడండి. 28 డిగ్రీల్లో 80 శాతం తేమ నుంచి 45కి దించాలంటే ఘనపు మీటరు గాలిలోంచి తీయాల్సిన నీరు దాదాపు తొమ్మిదిన్నర గ్రాములు. 12 లీటర్ల డబ్బాకి అది గ్రాములో పదో వంతు. అంత పనికి చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లం చాలు. నీరంతా ఉండేది అట్టలో. కార్డు ఒకటి దాదాపు 2 గ్రాములు అనుకుంటే 500 కార్డులు కిలో. మామూలు కాగితం 80 శాతం తేమలో ఉన్నప్పటికీ 45లో ఉన్నప్పటికీ దాని బరువులో నాలుగు శాతం వరకు నీటి తేడా ఉంటుంది. అంటే కిలో కార్డుల్లోంచి 40 గ్రాముల నీరు రావాలి. 45 శాతం దగ్గర సిలికా జెల్ తన బరువులో పావు వంతు నీటిని పట్టుకుంటుంది కాబట్టి 160 గ్రాముల జెల్ అవసరం. ఫిల్ము ఉన్న కార్డుల్లో కాగితం పాలు తక్కువ, అందుకే 500 కార్డులకి 150 గ్రాములు వేసి చూస్తాను. అంతకన్నా ఎక్కువ వేస్తే మీటరు 20కి దిగిపోతుంది, కార్డులు ఎదురువైపు వంగుతాయి.

సిలికా గింజలను విడిగా డబ్బాలో పోయకూడదు. వాటి పొడి ఫిల్ము మీద సన్నటి గీతలు పెడుతుంది. పలుచని మల్లుగుడ్డ సంచిలో కట్టి, కార్డులకి తగలకుండా ఓ మూల పెట్టాలి. రంగు మారే గింజల్లో నీలం రకంలో కోబాల్ట్ ఉంటుంది, నారింజ రకం తీసుకోవడం మేలు. అవి నీరు తాగేకొద్దీ ఆకుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే మళ్లీ నారింజకి వస్తాయి. మూకుట్లో వేయిస్తే వేడి అదుపులో ఉండదు, గింజలు చిట్లిపోతాయి. ఓవెన్ లోంచి తీశాక మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో చల్లారనివ్వాలి. గిన్నెలో వదిలేస్తే చల్లారేలోపు గాలిలోని తేమనే తాగేస్తాయి. ఇంత తంటా వద్దనుకుంటే 49 శాతానికి తయారుచేసిన రెండువైపులా పనిచేసే తేమ పొట్లాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తేమ ఎక్కువైతే పీలుస్తాయి, తక్కువైతే వదులుతాయి. ఖరీదు ఎక్కువే అయినా మే నెలలో పనికొచ్చేవి అవే. ఆరబెట్టి వేసే సిలికా జెల్ పీల్చడానికే గానీ ఇవ్వడానికి పనికిరాదు.

డబ్బా పెట్టే చోటు కూడా చూసుకోవాలి. సజ్జ మీద వద్దు, ముఖ్యంగా పై అంతస్తు ఇళ్లలో. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. వానకి చెమ్మ దిగే బయటి గోడలోని అలమర కూడా వద్దు. లోపలి గోడకి ఆనించిన ఇనుప బీరువాలో నడుమ అర మంచిది. పురుగులు రాకుండా కలరా ఉండలు వేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్కులను మెత్తబరుస్తుంది, అట్టకి పట్టిన వాసన ఏళ్ల తరబడి పోదు. అట్టపెట్టెల్లో మాత్రం దాచకండి. చెదలకి పెట్టెకీ కార్డుకీ తేడా తెలియదు.

పార్సిల్ వచ్చిన రోజున ఆగలేక వెంటనే చించేయడం పెద్ద పొరపాటు. విమానంలో చల్లగా వచ్చిన పెట్టెను గదిలో మూడు నాలుగు గంటలు అలాగే ఉంచాలి. విప్పేటప్పుడు మొదటి కోత నుంచి వీడియో తీయండి. కార్డు మూల నలిగి ఉంటే అమ్మినవాడితో మాట్లాడటానికి అదొక్కటే ఆధారం. టాప్‌లోడర్ (కార్డు పెట్టే గట్టి ప్లాస్టిక్ తొడుగు) మూతికి సెలో టేపు అంటించి పంపేవాళ్లు ఇంకా ఉన్నారు. మన ఎండకి దాని జిగురు కారి లోపలికి పాకుతుంది. అలాంటిది వస్తే టేపు లాగకండి. టాప్‌లోడర్ అడుగు అంచును కత్తెరతో సన్నగా కత్తిరించి, కార్డును అటువైపు నుంచి జార్చేయండి. టాప్‌లోడర్ పది రూపాయలది, పోతే పోయింది.

తర్వాత పరీక్ష. కంసాలులు వాడే పదింతల భూతద్దం, స్టీలు స్కేలు, ఒక టార్చి ఉంటే సరిపోతుంది. స్కేలు పెట్టి వెడల్పు 63.5, పొడవు 88.9 మిల్లీమీటర్లు వస్తున్నాయో లేదో చూడాలి. అరమిల్లీమీటరు తగ్గినా, ఒక అంచు మిగతావాటికన్నా నున్నగా పదునుగా ఉన్నా, అరిగిన అంచును ఎవరో కోసేశారని అనుమానించాలి. ఫ్లీర్ జోర్డాన్ లాంటి పాత కార్డుల నకళ్లను పట్టించేది భూతద్దమే. అసలు ముద్రణలో బొమ్మ చుక్కల కలయికగా ఉంటుంది గానీ నల్లటి అక్షరాలు, గీతలు నిండు సిరాతో తెగినట్టు కనిపిస్తాయి. స్కాన్ చేసి అచ్చువేసిన నకల్లో అక్షరాలు కూడా రంగు చుక్కలుగా విడిపోతాయి. అక్షరం అంచు బొంతపురుగులా ఉంటే ఇక చూడక్కర్లేదు. కొత్త ప్రిజమ్‌లలో మోసం వేరే రకంగా ఉంటుంది. సెట్టులోని మామూలు కార్డును (బేస్) సిల్వర్ అనే ఖరీదైన రకమని అమ్ముతారు. సిల్వర్‌ని టార్చి కింద వంచితే ఇంద్రధనుస్సు రంగులు పారుతాయి, ఇటీవలి సెట్లలో వెనకవైపు ప్రిజమ్ అనే మాట అచ్చయి ఉంటుంది. ఫొటోలో వెనకవైపు చూపించని సిల్వర్‌ని నేను కొనను.

స్లీవుల విషయం త్వరగా చెప్పేస్తాను. పెన్నీ స్లీవ్ (చవకగా దొరికే పలుచని తొడుగు) మామూలు సైజుదే తీసుకోవాలి. యూ-గి-ఓ అనే జపాన్ ఆట కార్డుల కోసం చేసే చిన్న సైజు 62 మిల్లీమీటర్ల వెడల్పే, బాస్కెట్‌బాల్ కార్డు అందులో పట్టదు. స్టేషనరీ కొట్లో దొరికే విజిటింగ్ కార్డు ఆల్బమ్ కూడా పనికిరాదు. మన విజిటింగ్ కార్డు వెడల్పు 54 మిల్లీమీటర్లే. పాత ఫొటో ఆల్బమ్ తెరవగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన కొట్టిందంటే అది పీవీసీ. అందులోంచి ఊరే నూనె కార్డుకి అంటుకుంటుంది. తొమ్మిది అరల పేజీలు పాలీప్రొపిలీన్‌వి కొనండి. అమెరికన్ పేజీలకి మూడు రంధ్రాలు, మన ఆఫీసు ఫైళ్లకి 80 మిల్లీమీటర్ల ఎడంలో రెండు రింగులు. అవి ఒకదానికొకటి కలవవు, పంచింగ్ మిషన్‌తో కొత్త రంధ్రాలు చేస్తే చిరుగుతాయి. గుండ్రటి రింగుల ఫైలు నిండా నింపితే లోపలి వరస కార్డుల మీద రింగు అచ్చు పడుతుంది. పేజీలు దానికే కుట్టి ఉన్న జిప్ బైండరు తీసుకుంటే ఈ గొడవలన్నీ పోతాయి.

కార్డును స్లీవ్‌లోకి దించేటప్పుడే మూలలు ఎక్కువగా దెబ్బతింటాయి. స్లీవ్ మూతి దగ్గర ఒక పక్క అతుకు మీద అర సెంటీమీటరు కత్తెర గాటు పెడితే నోరు వెడల్పవుతుంది. కార్డు మూలని ఆ గాటులోంచి ముందు పోనిచ్చి, తర్వాత రెండో మూల దించాలి. స్లీవ్ వేయకుండా టాప్‌లోడర్‌లో వేస్తే గట్టి ప్లాస్టిక్ ఫిల్ముని గీరుతుంది. జెర్సీ ముక్క ఉన్న ప్యాచ్ కార్డులకి 35 పాయింట్ల టాప్‌లోడర్ చాలదు. పాయింటు అంటే అంగుళంలో వెయ్యో వంతు, 35 అంటే 0.9 మిల్లీమీటర్లు. ప్యాచ్‌లకి 130 వరకు కావాలి.

వంగిన కార్డును సరిచేసే పనికి కనీసం పది రోజులు పెట్టుకోవాలి. ముందు టాప్‌లోడర్‌లోంచి తీసి, స్లీవ్‌తోనే గాజు మీద పెట్టి, లేచిన అంచు ఎత్తు స్కేలుతో కొలిచి రాసుకోండి. వానాకాలంలో ప్రిజమ్‌కి 3 మిల్లీమీటర్లు మామూలు. తర్వాత స్లీవ్‌తోనే, ఏ బరువూ పెట్టకుండా, 45, 50 మధ్య నిలిచిన డబ్బాలో మూడు నాలుగు రోజులు ఉంచండి. స్లీవ్ మూతి తెరిచే ఉంటుంది కాబట్టి అట్టలోని నీరు మెల్లగా బయటికి పోతుంది. ఈ ఒక్క అడుగుతోనే వంపు సగానికి పైగా పోతుంది. చాలామంది ఇది వదిలేసి నేరుగా బరువు పెడతారు. తడి అట్టను నొక్కితే బరువు ఉన్నంతసేపు చదునుగా ఉంటుంది, తీసిన రెండో రోజుకి మళ్లీ దోనె అవుతుంది. వంపు పోవాలంటే లోపలి నీరు పోవాలి, బరువు దాన్ని తీయలేదు.

తర్వాతే నొక్కడం. గాజు కొట్లో 5 మిల్లీమీటర్ల గాజును ఆరు బై ఎనిమిది అంగుళాల ముక్కలు రెండు కోయించి, అంచులు రాయించుకోండి. మెత్తటి బట్టతో తుడిచి, టార్చిని పక్కవాటంగా పట్టి చూడండి. ఒక్క ఇసుక రేణువు మిగిలినా బరువు కింద అది కార్డులో గుంట పెడుతుంది. స్లీవ్‌లో ఉన్న కార్డుల్ని ఒక్క వరసలో పరచండి. ఆ కొలత గాజు మీద నాలుగు పడతాయి. ఒకదాని మీద ఒకటి పెడితే మీది కార్డు అంచు కింది కార్డు ఫిల్ము మీద గీత దించుతుంది. పైన రెండో గాజు, దాని మీద రెండు కిలోల బరువు. కిలో కందిపప్పు ప్యాకెట్లు రెండు పక్కపక్కన పెడితే బరువు సమంగా పరుచుకుంటుంది, ఇటుక కన్నా అదే నయం. ఇదంతా డబ్బాలోనే, మూత వేసి. బయట బల్ల మీద నొక్కితే మూడు రోజులు ఆరబెట్టిన కార్డు మళ్లీ ముసురు తాగుతుంది. వారం తర్వాత తీసి కొలవండి. 3 మిల్లీమీటర్లు అర మిల్లీమీటరుకి వస్తే పని అయినట్టే. పూర్తి సున్నా కోసం పట్టుబడితే కార్డు రెండోవైపుకి తిరుగుతుంది.

అలా తిరిగిపోతే, అంటే బొమ్మవైపు ఉబ్బితే, సిలికా ఎక్కువైందన్నమాట. సంచి తీసేసి, డబ్బా మూత ఓ అరగంట తెరిచి మళ్లీ మూసి, మరుసటి రోజు మీటరు చూడండి. చేత్తో ఎదురువైపుకి వంచి సరిచేయాలని మాత్రం చూడకండి. అట్ట కోలుకుంటుంది గానీ ఫిల్ము మీద పడిన మడత జీవితాంతం ఉంటుంది. ఇస్త్రీపెట్టె, డ్రైయర్‌ల వేడికి ఫిల్ము అట్ట నుంచి విడిపోయి బుడగలు లేస్తాయి. వంగిన కార్డుని బిగుతు టాప్‌లోడర్‌లోకి తోసి చదునైందనుకోవడం ఇంకో భ్రమ. వంపు అలాగే ఉంటుంది, పైగా తోసేటప్పుడు లేచిన రెండు అంచులూ ప్లాస్టిక్‌కి రాసుకుంటాయి. వంపు వల్ల గ్రేడు పోతుందా అని చాలామంది అడుగుతారు. నన్నడిగితే కొద్దిపాటి వంపు వల్ల పోయేదాని కన్నా, ఆ వంపుతోనే హోల్డరులోకి నెట్టినప్పుడు అంచు చిట్లి పోయేది ఎక్కువ.

గ్రేడింగు విషయానికొస్తే, మొదట సెంటరింగ్ (బొమ్మ కార్డుకి సరిగ్గా నడుమ ఉందా అన్నది) కొలవాలి, ఎందుకంటే అది ఫ్యాక్టరీలోనే నిర్ణయమైపోయింది, మనం మార్చగలిగేది ఏమీ లేదు. ఎడమ అంచు 3.0, కుడి అంచు 3.6 మిల్లీమీటర్లు ఉన్నాయనుకోండి. కలిపితే 6.6. పెద్దది 3.6ని 6.6తో భాగిస్తే 54.5 శాతం. పీఎస్‌ఏ అనే గ్రేడింగు కంపెనీ 10 గ్రేడుకి ముందువైపు దాదాపు 55/45, వెనకవైపు 75/25 లోపు అడుగుతుంది కాబట్టి ఇది ఒడ్డున పడింది. ఎడమ 2.4, కుడి 3.6 అయితే 60/40, దాన్ని 10కి పంపడం ఆశ మాత్రమే. పై అంచు, కింది అంచు కూడా ఇలాగే. రెండిట్లో చెడ్డదే లెక్క. తర్వాత చీకటి గదిలో టార్చిని దాదాపు పడుకోబెట్టి పట్టి ఫిల్ము చూడండి. ప్రిజమ్‌ల మీద పైనుంచి కిందికి సన్నటి ముద్రణ గీతలు కనబడుతుంటాయి. అవి యంత్రం పెట్టినవి, ఎంత తుడిచినా పోవు. వేలిముద్రలైతే పొడి మైక్రోఫైబర్ బట్టతో బరువు వేయకుండా ఒక్కసారి అద్దితే చాలు. కళ్లద్దాలు తుడిచే ద్రవం, మైనం లాంటివి వద్దు. పనికొచ్చేది తక్కువ, మార్పుచేసిన కార్డని తిప్పిపంపే ప్రమాదం ఎక్కువ.

పంపాలా వద్దా అన్నది అంకెలతో తేల్చుకోవాలి. ఉదాహరణకి విడి కార్డు 2,000 రూపాయలు, గ్రేడింగు రుసుము, రానుపోను రవాణా, బీమా కలిపి 3,500 అనుకోండి. అదే కార్డు గ్రేడు 9 తో 4,000కి అమ్ముడవుతుంటే 10 వస్తేనే గట్టెక్కుతారు. 9 వచ్చినా పెట్టుబడి తిరిగొచ్చే కార్డునే నేను పంపుతాను. ధర చూసేటప్పుడు అడుగుతున్న ధర కాదు, అమ్ముడుపోయిన ధర చూడాలి. ఇంకో చిక్కు ఉంది. అమెరికాలో రాత్రి మ్యాచ్ మనకి పొద్దున్నే అవుతుంది. ఒక కుర్రాడు 45 పాయింట్లు కొట్టిన రోజున మనం టీ తాగేలోపే వాడి రూకీ ధర ఎగురుతుంది. ఆ రోజు కొనకుండా వారం ఆగితే చాలాసార్లు దిగుతుంది.

హైదరాబాద్ నుంచి ఒక్క కార్డు పంపితే రవాణాయే కార్డు విలువని మింగేస్తుంది. అందుకే నలుగురైదుగురు కలిసి ఒకే పెట్టెలో పంపుతారు. ప్రతి కార్డూ కొత్త పెన్నీ స్లీవ్‌లో, ఆపైన సగం గట్టిగా ఉండే కార్డ్ సేవర్‌లో ఉండాలి. గ్రేడింగువాళ్లు టాప్‌లోడర్‌లో రావడం ఇష్టపడరు, తీసేటప్పుడు కార్డు దెబ్బతింటుందని. స్లీవ్ మీద చిన్న మాస్కింగ్ టేపు ముక్కను చెవిలా అంటిస్తే లాగడం తేలిక. దరఖాస్తులో రాసిన వరసలోనే కార్డులు పేర్చి, అటూ ఇటూ అట్టముక్కలు పెట్టి, రబ్బరు బ్యాండు వదులుగా వేయాలి. బిగుతుగా వేస్తే చివరి కార్డుల అంచుల్లో గాట్లు పడతాయి. కార్డుల బిల్లులు, పంపినప్పటి కొరియర్ కాగితాలు జాగ్రత్తగా ఉంచండి. ఇక్కడి నుంచి వెళ్లిన సొంత కార్డే తిరిగొచ్చిందని చూపించే కాగితం లేకపోతే కస్టమ్స్‌వాళ్లకి అది కొత్త దిగుమతే. కొరియర్‌వాళ్లు అడిగే కేవైసీ ముందే పూర్తిచేసి పెడితే పార్సిల్ విమానాశ్రయం దగ్గర పడి ఉండదు.

గ్రేడయి వచ్చిన స్లాబ్‌ను (ఇంటి పైకప్పు కాదు, కార్డు చుట్టూ వేసి మూసే గట్టి ప్లాస్టిక్ పెట్టె) చూసి ఇక తేమ భయం లేదనుకోవద్దు. అది నీళ్లు ఒలికితే కాస్త ఆపుతుందేమో గానీ గాలిని ఆపదు. నాలుగు నెలల ముసురులో స్లాబ్‌లోపల కూడా ప్రిజమ్ వంగుతుంది, అప్పుడు నొక్కడానికీ వీలుండదు. అందుకని స్లాబ్‌లు కూడా అదే డబ్బాలోకి. రాగానే లేబుల్ మీది నంబరును ఆ కంపెనీ సైటులో కొట్టి, అక్కడ చూపే కార్డూ చేతిలోదీ ఒకటేనా అని చూసుకోవాలి. వేరేవాళ్ల దగ్గర గ్రేడయిన కార్డు కొన్నా ఇదే పని.

ఏడాదిలో డబ్బాకి మూడుసార్లు పెద్ద పని ఉంటుంది. మృగశిరకి వారం ముందు సిలికా అంతా ఓవెన్‌లో ఆరబెట్టి సంచులు నింపడం. దీపావళి దాటాక సగం సంచులు తీసేయడం. మార్చిలో మిగతావి కూడా తీసి 49 శాతం పొట్లాలు వేయడం. మీటర్లకి ఉప్పు పరీక్ష ఏడాదికి ఒక్కసారి చాలు. కూలర్‌లో పాత గడ్డి తీసి కొత్తది కట్టే రోజునే పెట్టుకుంటాను. ఆ రోజు ఎలాగూ డబ్బాను గది మార్చాల్సిందే.